ఎనిమిది నెలలుగా సోలార్ సైట్‌లో ఉన్నా, ఒక్క రిలే (లైన్‌లో ఫాల్ట్‌ను పసిగట్టి కరెంటు ఆపించే పరికరం) కూడా ముట్టుకోలేదు. ఇది ఎలక్ట్రికల్ ఉద్యోగమేనా?

పరకాల_ఫేజర్
వరంగల్‌లోనే ఒక ప్రైవేటు కాలేజీలో ట్రిపుల్ ఈ చేశాను. మా బ్యాచ్‌లో సగం కంటే ఎక్కువమంది సాఫ్ట్‌వేర్‌కు పోయారు. నేను పవర్‌లోనే ఉంటానని పట్టుబట్టి ఒక సోలార్ కాంట్రాక్టు కంపెనీలో సైట్ ఇంజనీర్‌గా చేరాను. రాజస్థాన్‌లో బికనీర్ దగ్గర సైట్. 50 మెగావాట్లంటే తొంభై వేలకు పైగా ప్యానెళ్లు, నేను రోజూ చేసేది వాటిని లెక్కపెట్టడమే. ఇవాళ ఎన్ని బిగించారు, ఎన్ని పగిలాయి, ఎంతమంది కూలీలు వచ్చారు, బోల్టులు సరిగ్గా బిగించారా, అంతా ఎక్సెల్‌లో ఎక్కించి రాత్రి తొమ్మిదింటికి మెయిల్ చేయాలి. జీతం 22 వేలు.
మా నాన్న డిస్కంలో లైన్ ఇన్‌స్పెక్టర్. దసరాకు ఇంటికొస్తే అంతా విని "ఇది మేస్త్రీ పని కదరా, దీనికి నాలుగేండ్ల చదువెందుకు" అన్నాడు. ఆ మాట రెండు రోజులుగా మనసులోంచి పోవడం లేదు. గురువారం రిటర్న్ టికెట్ ఉంది. వెళ్లాలా, ఆపేసి గేట్‌కో ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) పరీక్షకో కూర్చోవాలా, లేక అమీర్‌పేట పోయి కోర్సు చేయాలా? ఈ రంగంలో ఉన్నవాళ్లు చెప్పండి.

ఏఈ_సాధిస్తా
మానేయ్ బ్రో. హన్మకొండలో రూమ్ తీసుకో, కలిసి చదువుదాం. ఒక్కసారి ఏఈ వచ్చిందంటే జీవితాంతం టెన్షన్ ఉండదు.

ఫ్లక్స్_టు_జావా
పైన తమ్ముడు చెప్పిన మాటే నేను కూడా నమ్మాను. నోటిఫికేషన్ కోసం మూడేళ్లు ఎదురుచూసి, చివరికి సాఫ్ట్‌వేర్‌కు వచ్చాను. జీతం బాగుంది, అబద్ధం చెప్పను. కానీ ఇప్పటికీ సబ్‌స్టేషన్ పక్క నుంచి పోతుంటే బండి స్లో చేసి చూస్తాను. ఫేజర్, నీకు పవర్ మీద ప్రేమ ఉంటే చేతిలో ఉన్న ఉద్యోగం వదిలేసి ఖాళీగా మాత్రం కూర్చోకు.

ఏఈ_సాధిస్తా
అందరికీ అలాగే జరుగుతుందా అన్నా? మా సీనియర్ రెండో ప్రయత్నంలో కొట్టాడు.

ఖని_డెస్క్
నేను గోదావరిఖనిలో ఉంటాను, థర్మల్ యూనిట్ కంట్రోల్ రూమ్‌లో డెస్క్ ఇంజనీర్‌ని. మా దగ్గర కూడా పిల్లలు "బొగ్గు పని అయిపోయింది కదా సార్" అని అడుగుతారు. 1971 నుంచి నడిచిన రామగుండం 62.5 మెగావాట్ల పాత యూనిట్ మూతపడినప్పుడు ఊళ్లో చాలామందికి సొంత మనిషి పోయినట్టే అనిపించింది, నాకూ అనిపించింది. కానీ అదే ఊళ్లో కొత్తగా రెండు 800 మెగావాట్ల యూనిట్లు వచ్చాయి. ఎన్‌టీపీసీ రిజర్వాయర్ నీళ్ల మీద 100 మెగావాట్ల సోలార్ 2022 జులై నుంచి పూర్తిగా నడుస్తోంది. ఈ మూడూ ఒక్క ఊళ్లోనే జరిగాయి. అందుకే "బొగ్గా, సోలారా" అని విడదీసి అడిగితే నాకు జవాబు రాదు.
మా పని ఎలా మారిందో చెబుతాను. ఇదివరకు 500 మెగావాట్ల యూనిట్‌ను ఫుల్ లోడ్‌లో పెట్టి అలాగే నడిపించేవాళ్లం. ఇప్పుడు మధ్యాహ్నం సోలార్ దండిగా వచ్చే సమయానికి లోడ్ దించమంటారు, 55 శాతమంటే 275 మెగావాట్లు. పొద్దు గూకే వేళకు ఇళ్లలో లైట్లు వెలుగుతాయి, సోలార్ పడిపోతుంది, మళ్లీ గబగబా పైకి ఎక్కించాలి. 2023లో సీఈఏ (కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ) తెచ్చిన నిబంధనల ప్రకారం ముందు ముందు 40 శాతానికి కూడా దించగలగాలి, అంటే 200. బాయిలర్‌లో మంట నిలబెట్టడం, డ్రమ్‌లో నీటి మట్టం చూసుకోవడం, లోహం వేడెక్కి చల్లారి అలసిపోవడం, ఇవన్నీ మా తలనొప్పులే. సోలార్ వచ్చి మా పని తగ్గలేదు, కష్టమైంది. కష్టమైన చోటే ఇంజనీర్ కావాలి.

పరకాల_ఫేజర్
ఆ నీళ్ల మీద ప్లాంటులో డీసీని ఏసీగా మార్చే ఇన్వర్టర్లు ఎక్కడ పెట్టారు సార్, ఒడ్డునా?

ఖని_డెస్క్
కాదు, అవి కూడా నీళ్ల మీదే. మొత్తం 40 బ్లాకులు, ఒక్కోటి 2.5 మెగావాట్లు, బ్లాకుకు 11,200 ప్యానెళ్లు. ఇన్వర్టరు, ట్రాన్స్‌ఫార్మరు, హెచ్‌టీ (హై టెన్షన్) బ్రేకరు తేలే ఫెర్రో సిమెంటు వేదికల మీద ఉంటాయి. కొట్టుకుపోకుండా అడుగున కాంక్రీటు దిమ్మెలకు కట్టారు. అక్కడి నుంచి 33 కేవీ కేబుల్ పాత స్విచ్‌యార్డుకే వస్తుంది. ఆ స్విచ్‌యార్డు చూసుకునేవాళ్లు బొగ్గు కరెంటు ఇది, సూర్యుడి కరెంటు ఇది అని వేరుగా చూస్తారా?

రిలే_పెద్దాయన
నేను ట్రాన్స్‌మిషన్‌లో ప్రొటెక్షన్ విభాగంలో పనిచేసి రిటైర్ అయ్యాను, హన్మకొండలో ఉంటాను. ఫేజర్ బాబూ, నీ పోస్టు రెండుసార్లు చదివాను. మీ నాన్న మాటకు బాధపడకు, ఆయన నిన్ను సరైన ప్రశ్నే అడిగాడు. జవాబు మాత్రం నీ దగ్గరే ఉంది.
ఒకటి అడుగుతాను. మీ సైట్‌లో ఒక స్ట్రింగ్‌కు, అంటే వరుసగా కలిపిన ఒక గొలుసుకు, ఎన్ని ప్యానెళ్లు? ఎందుకు అన్నే?

పరకాల_ఫేజర్
28 సార్. డ్రాయింగ్‌లో అలా ఉంది కాబట్టి.

రిలే_పెద్దాయన
డ్రాయింగ్‌లో ఉంది కాబట్టి బిగించేవాణ్ని మేస్త్రీ అంటారు. ఎందుకు 28 అని తెలిసి బిగించేవాడు ఇంజనీరు. ప్యానెల్ డేటాషీటు తీసి ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీ (లోడ్ లేనప్పటి వోల్టేజీ), దాని ఉష్ణోగ్రత గుణకం (డిగ్రీకి ఎంత మారుతుందో) చూడు, బికనీర్‌లో జనవరిలో తెల్లవారుజామున చలి ఎంత ఉంటుందో కనుక్కో. రేపటికల్లా ఇక్కడే రాయి.

డాబా_సోలార్_అక్క
కరీంనగర్‌లో నాకు ఇళ్ల మీద సోలార్ పెట్టే చిన్న సంస్థ ఉంది. తమ్ముడూ, పెద్ద సైట్లే సోలార్ అనుకోకు. 2024లో పీఎం సూర్యఘర్ వచ్చాక 3 కిలోవాట్లకు 78 వేల సబ్సిడీ, జనం వాళ్లంతట వాళ్లే ఫోన్ చేస్తున్నారు. మన ఎండకు కిలోవాటుకు రోజుకు సుమారు 4 యూనిట్లు, అంటే 3 కిలోవాట్లకు నెలకు 360 దాకా. గిరాకీ ఉంది. నాకు లేనిది పనిమంతులు. ఇంటికి మూడు ఎర్త్ పిట్లు తీయాలి: డీసీకి ఒకటి, ఏసీకి ఒకటి, పిడుగు రక్షణకు ఒకటి. చాలామంది ఒకటి తీసి మూడింటినీ దానికే కలిపేసి ఫొటో పంపిస్తారు. నేను స్వయంగా వెళ్లి తవ్వించి, ఎర్త్ టెస్టర్ పెట్టి చూసిన తర్వాతే బిల్లు ఇస్తాను.
ఇంకో సంగతి, మా వైపు కోతులు. ప్యానెల్ కింద నీడకు చేరి కేబుళ్లు పట్టుకుని ఊగుతాయి. చొప్పదండి దగ్గర ఒక ఇంట్లో ప్యానెల్ కేబుళ్లను కలిపే ఎంసీ4 కనెక్టర్ లాగి పడేశాయి. ఇప్పుడు కేబుల్ మొత్తం పైపులో వేయకుండా పని ముగించను. ఇది ఏ సిలబస్‌లోనూ ఉండదు.

జమ్మికుంట_ఐటీఐ
అక్కా నేను ఐటీఐ ఎలక్ట్రీషియన్ పాసయ్యాను, మీ దగ్గర పని దొరుకుతుందా? మా ఊళ్లో మోటారు వైండింగ్ చేస్తున్నాను.

డాబా_సోలార్_అక్క
వైండింగ్ వచ్చినవాడికి చెయ్యి స్థిరంగా ఉంటుంది, నాకు అదే కావాలి. మెసేజ్ పెట్టు. వీలైతే మూడు నెలల సూర్యమిత్ర శిక్షణ కూడా చేయి, కేంద్ర ప్రభుత్వ కార్యక్రమమే. వైర్‌మన్ పర్మిట్‌కు ఇప్పుడే దరఖాస్తు పెట్టుకో, రేపు సొంతంగా పని పట్టాలంటే అదే ఆధారం.

ఏబీ_స్విచ్
నేను లైన్‌మన్‌ని, నర్సంపేట వైపు. అక్క మాట్లాడే డాబాల కింద స్తంభాలెక్కేది మేము. అందరూ సబ్సిడీ గురించి చెబుతారు గానీ మా భయం వేరే. ఎల్‌సీ (లైన్ ఆపిన అనుమతి) తీసుకుని, లైన్‌ను విడదీసే ఏబీ స్విచ్ విప్పి లైన్ మీద చేయి వేస్తాం. ఇప్పుడు ఇళ్ల మీద కూడా కరెంటు తయారవుతుంది. అది వెనక్కి వస్తే?

డాబా_సోలార్_అక్క
అన్నా, గ్రిడ్‌కు కట్టిన ఇన్వర్టర్ లైన్‌లో కరెంటు పోగానే తనంతట తానే ఆగిపోతుంది. ఆ పరీక్ష పాసైన ఇన్వర్టర్లే పెట్టాలి, లేకపోతే నెట్ మీటర్ ఇవ్వకూడదు.

ఏబీ_స్విచ్
మంచి ఇన్వర్టర్ అయితే ఆగుతుంది, ఒప్పుకుంటా. కానీ ఎవరో బ్యాటరీ ఇన్వర్టర్‌ను కూడా కలిపి, లైన్ నుంచి విడదీసే చేంజోవర్ స్విచ్ లేకుండా వైరింగ్ చేస్తే? పెళ్లిలో జనరేటర్ పెట్టి న్యూట్రల్ కలిపేసిన ఇంటి నుంచి మా తోటివాడికి షాక్ తగిలింది, ప్రాణం దక్కింది, కానీ చేయి ఇప్పటికీ సరిగ్గా లేవదు. అందుకే కొత్తగా వచ్చిన జేఎల్‌ఎం (జూనియర్ లైన్‌మన్) పిల్లలకు ఒకటే చెబుతా, ఫీడర్ ఆఫ్ అయిందని నమ్మకు. రెండు వైపులా షార్ట్ చేసి ఎర్త్ కట్టకుండా లైన్ ముట్టుకోకు, టైమ్ పట్టినా సరే.

పరకాల_ఫేజర్
ఏబీ_స్విచ్ అన్నా, మా నాన్న కూడా అచ్చం ఇదే మాట అంటాడు. ఈ పోస్టు చదివి వినిపించాను. "ఆయన సరిగ్గా చెప్పిండు" అన్నాడు.

గ్రిడ్_స్టడీస్
ఎన్‌ఐటీ వరంగల్‌లో ఎంటెక్ చేసి బెంగళూరులో గ్రిడ్ స్టడీస్ చేస్తున్నాను. సోలార్ ప్లాంటు గ్రిడ్‌కు కలిసే ముందు కంప్యూటర్‌లో దాని నమూనా కట్టి, లైన్‌లో ఫాల్ట్ వస్తే ప్లాంటు ఏం చేస్తుందో చూపించడం మా పని. నిబంధన ప్రకారం వోల్టేజీ 15 శాతానికి పడిపోయినా 300 మిల్లీసెకన్ల పాటు ప్లాంటు గ్రిడ్‌ను పట్టుకునే ఉండాలి, భయపడి విడిపోకూడదు. పవర్ ఫ్యాక్టర్ 0.95 ల్యాగ్ నుంచి 0.95 లీడ్ దాకా ఇవ్వగలగాలి. పీఎస్‌ఎస్‌ఈ, పీఎస్‌క్యాడ్, ఈట్యాప్ లాంటి సాఫ్ట్‌వేర్లు వచ్చినవాళ్లకు ఇప్పుడు మంచి డిమాండ్ ఉంది. కానీ మా టీమ్‌లో కూడా సైట్ చూసినవాళ్ల మాటకే విలువ ఎక్కువ. ఫేజర్, నీ ఎనిమిది నెలలు వృథా అని నాకు అనిపించడం లేదు.

ఖని_డెస్క్
గ్రిడ్_స్టడీస్ మేడమ్, ఇన్వర్టర్లు ఎంత తెలివైనవైనా తిరిగే రోటర్‌కు ఉన్న బరువు వాటికి ఉండదు కదా. మా టర్బైన్లు తగ్గినకొద్దీ ఫ్రీక్వెన్సీని ఎవరు పట్టుకుంటారు? 2025 ఏప్రిల్‌లో స్పెయిన్ మొత్తం చీకటైంది.

గ్రిడ్_స్టడీస్
రోటర్ జడత్వం గురించి మీరు చెప్పింది నిజం. స్పెయిన్‌లో మాత్రం అసలు సమస్య వోల్టేజీ అదుపు తప్పి పెరుగుతూ పోవడం. ఇన్వర్టర్లకు వోల్టేజీ పట్టే పని సరిగ్గా అప్పగించకపోతే అలా అవుతుంది. బ్యాటరీలతో గ్రిడ్ ఫార్మింగ్ ఇన్వర్టర్లు (వోల్టేజీ, ఫ్రీక్వెన్సీని తామే నిలబెట్టేవి) వస్తున్నాయి, నీళ్లు పైకి తోడి దాచుకుని మళ్లీ వాడే పంప్డ్ స్టోరేజీ ఉంది. మన శ్రీశైలం ఎడమ గట్టున 150 మెగావాట్ల రివర్సిబుల్ యూనిట్లు ఆరు ఉన్నాయి, నీళ్లు పైకి తోడేటప్పుడు కూడా తిరిగే రోటర్లే అవి.

రిలే_పెద్దాయన
చీకటి ముచ్చట వచ్చింది కాబట్టి చెబుతాను. 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తర భారతం కుప్పకూలింది. రెండో రోజు అరవై కోట్ల మంది ఉండే ప్రాంతానికి కరెంటు లేదు. మన దక్షిణాదికి ఏమీ కాలేదు, ఎందుకంటే అప్పటికి మన గ్రిడ్ వాళ్లతో సింక్రనైజ్ కాలేదు, అంటే ఒకే ఫ్రీక్వెన్సీలో కలిసి నడవలేదు, డీసీ లింకుల ద్వారానే ఇచ్చిపుచ్చుకునేవాళ్లం. 2013 డిసెంబర్ 31న రాయచూర్ షోలాపూర్ 765 కేవీ లైన్‌తో కలిశాం. దేశమంతా ఒకే ఫ్రీక్వెన్సీ అయిన ఆ రాత్రి నేను నిద్రపోలేదు, ఆనందంతోనూ భయంతోనూ. ఇప్పుడు మన వరంగల్ పక్కనే 765 కేవీ సబ్‌స్టేషన్ ఉంది. కలిసినందువల్ల రాజస్థాన్ ఎండ మనకు పనికొస్తుంది, అక్కడి తప్పు మనకూ తగులుతుంది.
నా రంగం ప్రొటెక్షన్ కాబట్టి దాని గురించే చెబుతా. సింక్రనస్ జనరేటర్ ఉన్న చోట ఫాల్ట్ అయితే కరెంటు రేటింగ్‌కు ఐదారు రెట్లు వస్తుంది, రిలే వెంటనే గుర్తుపడుతుంది. ఇన్వర్టర్ ఒకటింపావు, మహా అంటే ఒకటిన్నర రెట్లు ఇచ్చి ఆగుతుంది. మామూలు లోడ్‌కూ ఫాల్ట్‌కూ తేడా అంత సన్నగా ఉంటే పాత సెట్టింగ్‌తో ఓవర్ కరెంట్ రిలే ఏం చేయాలి? మేము ముప్పై ఏళ్లు నేర్చుకున్న లెక్కలు మళ్లీ వేయాల్సిన కాలం ఇది. ఈ లెక్కలు వేసే కుర్రవాళ్లు తగినంతమంది లేరు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఏఈ_సాధిస్తా
సార్ మీరు చెప్పేది నిజమే, కానీ ఆ రిలే మీద ఎవరు చేయి వేయనిస్తారు? ప్రైవేటులో ఫ్రెషర్‌ని ఎక్సెల్‌కే పెడతారు. డిస్కంలో చేరితే అయినా సబ్‌స్టేషన్ చేతికొస్తుంది.

పరకాల_ఫేజర్
అదే నా బాధ. మా ప్లాంటు కరెంటంతా ఒకచోటికి చేర్చే పూలింగ్ సబ్‌స్టేషన్ వేరే సబ్ కాంట్రాక్టర్ కడుతున్నాడు, 33 నుంచి 220 కేవీ. ఇన్వర్టర్ కంపెనీ వాళ్లు వచ్చి వాళ్ల పని వాళ్లే చేసుకుని వెళ్తారు. మాకు మెగ్గర్ మీటర్ ఇచ్చి కేబుల్ ఐఆర్ (ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో) చూడమంటారు, అంతే. గత నెల స్ట్రింగులన్నీ వచ్చి కలిసే ఒక కాంబైనర్ బాక్స్‌లో వోల్టేజీలు చూస్తుంటే ఒక స్ట్రింగ్ మైనస్ చూపించింది. మీటర్ తప్పేమో అనుకుని మళ్లీ చూస్తే ఎవరో పోలారిటీ తిప్పి కట్టారు. ఫ్యూజు వేయకముందే దొరికింది.

రిలే_పెద్దాయన
అది దొరక్కపోతే ఏం జరిగేదో తెలుసా నీకు? 1,300 వోల్టులకు పైనున్న డీసీ. ఏసీ ఆర్క్ సెకనుకు వంద సార్లు సున్నా దాటుతుంది, ఆరిపోవడానికి అవకాశం ఉంటుంది. డీసీ ఆర్క్‌కు సున్నా అనేదే లేదు, రాగి కరిగే దాకా మండుతుంది. నువ్వు ఒక మంటను ఆపావు. పైగా ముట్టుకున్నదేమీ లేదంటున్నావు.
పూలింగ్ సబ్‌స్టేషన్ టెస్టింగ్ మొదలైనప్పుడు మేనేజర్‌ని నేరుగా అడుగు, నన్ను ఆ టీమ్‌తో పెట్టండి, నా లెక్కల పని రాత్రి చేసి ఇస్తానని. రిలే టెస్ట్ చేసేవాళ్లకు ఎప్పుడూ ఒక మనిషి తక్కువే, కిట్టు మోసేవాణ్ని కాదనరు. రిలేకు కిట్టుతో కరెంటు ఇచ్చి పరీక్షించే సెకండరీ ఇంజెక్షన్ ఎలా చేస్తారో పక్కన నిలబడి చూడు, సీటీ (లైన్ కరెంటును తగ్గించి రిలేకు ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్) పోలారిటీ ఎలా చూస్తారో చూడు, డిఫరెన్షియల్ స్టెబిలిటీ ఎందుకు చేస్తారో అడుగు. నడుస్తున్న సీటీ సెకండరీని మాత్రం ఎప్పుడూ ఓపెన్ చేయకు, ఎవరు చెప్పినా సరే.

ఈఈఈ_థర్డ్_ఇయర్
నాదీ వరంగలే. అమ్మాయిలను సైట్‌లకు తీసుకుంటారా? మా ఇంట్లో ఇప్పటి నుంచే వద్దంటున్నారు.

గ్రిడ్_స్టడీస్
తీసుకునేవాళ్లు ఉన్నారు, తీసుకోనివాళ్లూ ఉన్నారు. నేను రెండేళ్లు సైట్‌లో ఉన్నాను, మొదటి సైట్‌లో ఆడవాళ్లకు బాత్రూమ్ లేదు, నాలుగు కిలోమీటర్ల దూరంలోని గెస్ట్‌హౌస్‌కు పోవాల్సి వచ్చేది. గొడవ పెట్టి కట్టించాను, ఆ తర్వాత మరో ఇద్దరు అమ్మాయిలు చేరారు. ఇంటర్వ్యూలోనే ఆ విషయం అడుగు, సిగ్గుపడకు. స్టడీస్, స్కాడా, లోడ్ డిస్పాచ్, డిజైన్ పనుల్లో అమ్మాయిలు బాగానే ఉన్నారు. కానీ ఒక్క ఏడాదైనా స్విచ్‌యార్డు చూసి రా, నా మాట విను.

ఈఈఈ_థర్డ్_ఇయర్
థాంక్యూ అక్కా. ఇంట్లో వాళ్లకు ఇది చూపిస్తాను.

పరకాల_ఫేజర్
పెద్దాయన గారూ, లెక్క వేశాను. మా ప్యానెల్ ఓపెన్ సర్క్యూట్ వోల్టేజీ 49.5, గుణకం డిగ్రీకి మైనస్ 0.27 శాతం. అది 25 డిగ్రీల దగ్గరి విలువ. 28 ప్యానెళ్లకు 1,386 వోల్టులు. చలికి 5 డిగ్రీలు అనుకుంటే 5.4 శాతం పెరిగి 1,461 దాకా వస్తుంది. మా సిస్టమ్ పరిమితి 1,500. అదే 30 పెడితే 1,565, దాటిపోతుంది. అందుకే 28.

రిలే_పెద్దాయన
29 సంగతి చెప్పలేదు. ఇంకా, ఎడారిలో 5 డిగ్రీలకు ఎందుకు ఆగావు? సున్నాకు వేయి.

పరకాల_ఫేజర్
సున్నాకు 6.75 శాతం. 28కి 1,480. 29కి 1,532. 5 డిగ్రీల దగ్గరే 29కి 1,513 అవుతుంది, అంటే ఎలా చూసినా 28 దగ్గరే ఆగాలి.
కాగితం మీద వేస్తుంటే నాన్న పక్కన కూర్చున్నాడు. చలికి వోల్టేజీ పెరగడమేందిరా అని అడిగాడు. ఇళ్ల మీది ప్యానెళ్లకు కూడా అందుకేనా తెల్లవారుజామున వోల్టేజీ ఎక్కువ కనిపించేది అని ఇంకోటి అడిగాడు. పొద్దున్నే ప్యానెల్ చల్లగా ఉండి, తగినంత వెలుతురు పడగానే అలా కనిపిస్తుందని చెప్పాను. గంటసేపు మాట్లాడుకున్నాం, మేస్త్రీ మాట మళ్లీ ఎత్తలేదు.
గురువారం వెళ్తున్నాను. మేనేజర్‌కు ఫోన్ చేసి సబ్‌స్టేషన్ టెస్టింగ్ టీమ్‌లో పెట్టమని అడిగాను, వచ్చాక మాట్లాడదాం అన్నాడు. గేట్ దరఖాస్తు కూడా పెట్టాను, రాత్రి ఒక గంట చదువుతాను.

ఏఈ_సాధిస్తా
మంచిది బ్రో. నేను మాత్రం ఇక్కడే కూర్చుంటాను, కానీ ఖాళీగా కాదు. అక్కా, మీ దగ్గర శనివారం, ఆదివారం వచ్చి పని నేర్చుకోవచ్చా?

డాబా_సోలార్_అక్క
రా. ఈ ఆదివారం హుజూరాబాద్‌లో రెండు ఇళ్లున్నాయి. మొదటి పని ఎర్త్ పిట్ తవ్వడమే, బట్టలు పాడవుతాయి, పాతవి వేసుకుని రా.

రిలే_పెద్దాయన
ఫేజర్, రైల్లో కూర్చుని ఆలోచించడానికి ఇంకోటి ఇస్తున్నాను. మీ ఇన్వర్టర్ ట్రాన్స్‌ఫార్మర్ నేమ్‌ప్లేట్ మీద వెక్టర్ గ్రూప్ (రెండు వైపులా వైండింగులు ఎలా కలిపారో చెప్పే గుర్తు) చూడు. 33 కేవీ వైపు ఏముంది, ఇన్వర్టర్ వైపు న్యూట్రల్ భూమికి కట్టారా లేదా? కట్టకపోతే ఆ వైపు ఎర్త్ ఫాల్ట్ వచ్చినట్టు మీకు ఎలా తెలుస్తుంది?

పరకాల_ఫేజర్
ఫోన్‌లో నేమ్‌ప్లేట్ ఫొటో ఉంది సార్. 33 కేవీ వైపు డెల్టా, ఇన్వర్టర్ వైపు స్టార్. న్యూట్రల్ బుషింగ్ బయటికి తెచ్చినట్టు కనిపించడం లేదు. అలాగైతే రిలేకు ఎర్త్ ఫాల్ట్ కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది? ఆలోచించి రాస్తాను.